కొవ్వొత్తికి రెండు వైపులా నిప్పు: పొగడ్త అనుకుని మనం వాడేస్తున్న ఒక ఇంగ్లిష్ మాట

మొన్న అప్రైజల్స్ టైంలో, అంటే ఆఫీసుల్లో ఏడాది పని లెక్క చూసి జీతం పెంచే టైంలో, పాత ఆఫీసులో నాతో పాటు పనిచేసిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సెల్ఫ్ అప్రైజల్‌లో వాడు ఒక లైన్ రాశాడంట, "ఐ బర్న్‌డ్ ద క్యాండిల్ ఎట్ బోత్ ఎండ్స్ ఫర్ దిస్ రిలీజ్" అని, అంటే ఈ సాఫ్ట్‌వేర్ విడుదల కోసం కొవ్వొత్తిని రెండు కొసలా కాల్చాను అని. వాడి లెక్కలో దానర్థం "రాత్రనక పగలనక రెక్కలు ముక్కలు చేసుకున్నాను సార్, కాస్త చూసి హైక్ ఇవ్వండి" అని. వాడి మేనేజర్ లండన్‌లో కూర్చునే తెల్లాయన. ఆయన అది చదివి హైక్ ఊసే ఎత్తకుండా, వెంటనే కాల్ పెట్టి, నువ్వు బానే ఉన్నావా, నిద్ర పడుతోందా, ఓ వారం లీవ్ తీసుకో, ఇలాగైతే ఎంతో కాలం లాగలేవు అని ఒకటే జాగ్రత్తలు. "అన్నా, నేను కష్టపడ్డానని చెప్తే ఆయనేంటన్నా నాకేదో జబ్బు చేసినట్టు మాట్లాడతాడు?" అని వీడి బాధ.

నేను చదివింది ఎంఏ ఇంగ్లిష్, చేసేది ఇంకేదో పని, అయినా చుట్టుపక్కల ఎవరికి ఇలాంటి డౌట్ వచ్చినా ఫోన్ నాకే వస్తది. వాడికి ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చెప్పేశా గానీ తర్వాత ఆలోచిస్తే ఇందులో చాలా చిక్కులున్నాయి అనిపించింది, ఎందుకంటే ఈ ఇడియమ్‌ని (జాతీయాన్ని) మన వాళ్ళు రెజ్యూమెల్లో, లింక్డిన్‌లో, కాలేజీ ఫేర్‌వెల్ స్పీచుల్లో గర్వంగా వాడటం నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ "కష్టజీవి" అనే అర్థంలోనే. కానీ ఇంగ్లిష్ వాళ్ళ చెవికి అది అలా వినపడదు.

ముందు అసలు అర్థం చెప్పేస్తా. బర్నింగ్ ద క్యాండిల్ ఎట్ బోత్ ఎండ్స్ అంటే, రాత్రి చాలా లేటుగా పడుకుని పొద్దున చాలా త్వరగా లేస్తూ, పగలు ఒక పని రాత్రి ఇంకో పని పెట్టుకుని, ఉన్న శక్తిని ఉండాల్సిన దానికంటే డబుల్ స్పీడ్‌లో ఖర్చు పెట్టేయడం. రోజుకి రెండు కొసలున్నాయి కదా, తెల్లవారుజాము ఒకటి, అర్ధరాత్రి ఒకటి, ఆ రెండు కొసల్నీ అంటించేశావు అని. ఆ రెండో పని ఉద్యోగమే కానక్కర్లేదు, పార్టీలైనా పర్వాలేదు. పగలంతా ఆఫీసు, రాత్రంతా ఫ్రెండ్స్‌తో తిరుగుడు, మళ్ళీ పొద్దున్నే ఆఫీసు, ఇలాంటి కుర్రాడికి కూడా ఇదే మాట వాడతారు. ఇందులో మెచ్చుకోలు చాలా తక్కువ, ఎక్కువగా ఉండేది హెచ్చరిక. వాళ్ళ అమ్మ అనే మాట ఇది, వాళ్ళ బాస్ మెచ్చి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఇంకోటి కూడా గమనించాలి, ఇది అలసటకి పేరు కాదు, అలసటకి దారి. అలసిపోయాను అని చెప్పదు ఇది, త్వరలో కూలబడతావు అని చెప్తది.

మరి మనకెందుకు ఈ హెచ్చరిక వినపడదు? నాకనిపించేది ఏంటంటే ఆ బొమ్మే మన కళ్ళకి వేరేలా కనపడుతుంది. మన ఇళ్ళల్లో వెలుగు అంటే పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్రమిద, కుంది, ఆముదమో నువ్వుల నూనెనో, అందులో వత్తి. ఒంటి వత్తి పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు, శవం దగ్గర పెట్టేది అట్లా అని కసురుతారు, రెండు వత్తులు వెయ్యాల్సిందే. అంటే రెండు వత్తుల వెలుగు మనకి శుభం, నిండుదనం. పైగా నూనె దీపానికి ఇంకో సుఖం ఉంది, నూనె తగ్గితే ఇంకాస్త పోస్తాం, దీపం కొండెక్కకుండా తెల్లవార్లూ కాచుకోవచ్చు. కొవ్వొత్తికి ఆ అవకాశమే లేదు. దానికి ఎంతుందో అంతే, పైన ఇంకో నాలుగు అంగుళాలు అతికించలేం. ఆ ఇడియమ్ ప్రాణమంతా ఈ ఒక్క పాయింట్‌లోనే ఉంది, నూనె దీపం కింద పెరిగిన వాళ్ళకి అది తట్టకపోవడంలో తప్పేం లేదు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అని మనకూ సామెత ఉంది, వెలుగు శాశ్వతం కాదని మనకీ తెలుసు, కాకపోతే మన సామెత త్వరగా పని కానివ్వు అంటుంది, వాళ్ళ మాట మెల్లగా వెళ్ళు అంటుంది.

కొవ్వొత్తి అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతా, నాకు భలే ఇష్టమైన ముచ్చట ఇది. కొవ్వొత్తి అంటే కొవ్వు వత్తి. అంతే. ఇప్పుడు కరెంటు పోయినప్పుడు మనం వెలిగించేది పారఫిన్‌తో చేసింది, పెట్రోలియం నుంచి వచ్చే మైనం, అది జంతువుల కొవ్వు కాదు, కానీ మాట మాత్రం పాతకాలపు సంగతిని కడుపులో దాచుకుంది. యూరప్‌లో మామూలు జనం వెలిగించుకున్న క్యాండిల్స్ నిజంగానే ఆవు కొవ్వు, గొర్రె కొవ్వుతో చేసినవి. తేనెమైనంతో చేసినవి చర్చిలకీ డబ్బున్నోళ్ళకీ. కొవ్వుతో చేసినవి వాసనొచ్చేవి, పొగొచ్చేవి, వత్తి కాలి మసి కడుతుంటే మాటిమాటికీ కత్తిరిస్తూ కూర్చోవాలి. అయినా అవి కూడా చవకేం కాదు.

ఎంత ఖరీదో చెప్పడానికి ఒక మంచి లెక్క ఉంది. ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్‌లో సెల్బోర్న్ అనే ఊళ్ళో గిల్బర్ట్ వైట్ అని ఒక పాదిరి గారు ఉండేవాడు, పిట్టల్నీ పురుగుల్నీ చెట్లనీ గమనిస్తూ ఫ్రెండ్స్‌కి ఉత్తరాలు రాసేవాడు, ఆ ఉత్తరాలు 1789లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఒక ఉత్తరం మొత్తం పేదోళ్ళ దీపాల గురించే. చిత్తడి నేలల్లో మన తుంగలాగా పెరిగే రష్ అనే గడ్డి కోసుకొచ్చి, నీళ్ళలో నానేసి, పైన తోలు ఒలిచి, ఊడిపోకుండా ఒక సన్న చార మాత్రం ఉంచి, లోపలి బెండుని ఎండబెట్టి కరిగిన కొవ్వులో ముంచి తీస్తే అదే దీపం, పేరు రష్‌లైట్. ఆయన వాచీ పెట్టుకుని చూశాడు, 2 అడుగుల నాలుగున్నర అంగుళాల రష్ 57 నిమిషాలు వెలిగింది. ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు పెడితే పేద కుటుంబానికి ఐదున్నర గంటల వెలుగు వస్తుందని లెక్క కట్టాడు. అదే అర పెన్నీ, అంటే రెండు ఫార్దింగ్‌లు, పెట్టి కొవ్వొత్తి కొంటే, సందుల్లోంచి గాలి కొట్టే ఆ ఇళ్ళల్లో రెండు గంటలకి మించి రాదంట. అంటే పదకొండు గంటలు రావాల్సిన డబ్బుకి రెండు గంటలు. బాగా బీదవాళ్ళే ఈ కొవ్వొత్తులు కొని డబ్బు పోగొట్టుకుంటారని ఆయన విసుక్కున్నాడు కూడా, (చిల్లర ప్యాకెట్లు కొనేవాళ్ళ మీద మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు విసుక్కున్నట్టే). దానికి తోడు ప్రభుత్వం 1709లో కొవ్వొత్తుల మీద పన్ను వేసింది, అది 1831 దాకా పోలేదు. నూట ఇరవై ఏళ్ళ పైన, సాయంత్రం దీపం వెలిగించినప్పుడల్లా జేబులోంచి పన్ను కడుతున్నట్టే.

అలాంటి రోజుల్లో కొవ్వొత్తిని ఒక వైపు వెలిగించడానికే చెయ్యి వెనకాడుద్ది. రెండు వైపులా వెలిగించేవాడు ఎవడు? ఒళ్ళు తెలీకుండా ఖర్చు పెట్టేవాడు. అందుకే మొదట్లో ఈ మాటకి అలసటతో సంబంధమే లేదు, అది డబ్బు దుబారా గురించి. ఇంగ్లిష్‌లోకి ఫ్రెంచ్ నుంచి వచ్చింది, ఫ్రెంచ్‌లో ఇప్పటికీ ఉంది, "బ్రూలే లా షాండెల్ పార్ లే దూ బూ" అంటారు, అక్షరాలా ఇదే. 1611లో రాండల్ కాట్‌గ్రేవ్ వేసిన ఫ్రెంచ్ ఇంగ్లిష్ నిఘంటువులో కనపడుతుంది. తర్వాత 1730లో నేథన్ బెయిలీ నిఘంటువులో అయితే ఇంకా సూటిగా ఉంది, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబారా మనుషులైతే ఆ మాట అంటారని. నాకది చదివినప్పుడు నవ్వాగలేదు. కాపురం కొవ్వొత్తి అంట, ఆయన ఒక కొస ఆవిడ ఒక కొస అంటించారంట.

ఇప్పుడు చూడండి, ఆ పాత అర్థానికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ఉంది. "తాత సంపాదించిందంతా హారతి కర్పూరం చేసేశాడు" అంటాం. అదీ మంటే, అదీ కాలిపోయేదే, వెనక బూడిద కూడా మిగలదు. ఇంగ్లిష్ వాడు వంటింట్లో కొవ్వొత్తిని చూసి అన్న మాట, మనం దేవుడి గదిలో కర్పూరాన్ని చూసి అన్నాం. తేడా ఎక్కడొచ్చిందంటే మన కర్పూరం ఆస్తి దగ్గరే ఆగిపోయింది, "నా ఆరోగ్యం హారతి కర్పూరమైంది" అని పెద్దగా ఎవరూ అనరు. వాళ్ళ కొవ్వొత్తి మాత్రం ఆస్తి మీద నుంచి మెల్లగా ఒంటి మీదకి జరిగింది. ఎందుకు జరిగిందో ఊహించడం కష్టమేం కాదు. కొవ్వొత్తి రాత్రిపూట వస్తువు, రాత్రి మేలుకుని చేసేదేదైనా దాని వెలుగులోనే, కాబట్టి కొవ్వొత్తి కరిగిందంటే మనిషి కూడా దాంతోపాటు మేలుకుని కరిగినట్టే. గ్యాసు దీపాలు, కరెంటు వచ్చి కొవ్వొత్తి ఖర్చు గురించి బాధపడే అవసరం పోయాక డబ్బు అర్థం వెనక్కి పోయి ఒంటి అర్థం ఒక్కటే నిలిచింది. ఈ రోజు ఇంగ్లిష్ వాళ్ళని అడిగితే మొగుడూ పెళ్ళాల దుబారా సంగతి చాలామందికి తెలియను కూడా తెలీదు.

కొవ్వొత్తి ఖరీదు వాసన ఇంకా పోని ఇడియమ్ ఇంకోటుంది, "నాట్ వర్త్ ద క్యాండిల్". పేకాటలో వచ్చే గెలుపు ఆ రాత్రి కాల్చిన కొవ్వొత్తి ఖర్చుకి కూడా చాలదు అని. ఇది కూడా ఫ్రెంచ్ సరుకే. దీనికి మన తెలుగు వాడు "చారాణా కోడికి బారాణా మసాలా" అంటాడు, అనువాదం అక్కర్లేదు. "కాంట్ హోల్డ్ ఎ క్యాండిల్ టు హిమ్" కూడా ఉంది గానీ దానికి అలసటతో పనిలేదు, వాడి కాలిగోటికి కూడా సరిపోడు అని అర్థం, కొవ్వొత్తి ఉంది కదా అని దాన్నీ దీన్నీ కలపొద్దు.

ఇక్కడ ఒక సైన్సు డౌట్. నిలబెట్టిన కొవ్వొత్తిని రెండు వైపులా ఎలా వెలిగిస్తాం? కింద కొసకి మంట పెడితే ఆ మంట పైకే కదా పోయేది, అది తన పైన ఉన్న మైనాన్నే కరిగించేసుకుంటుంది, నిమిషాల్లో అంతా ముద్దయి కూర్చుంటది. అడ్డంగా పడుకోబెట్టి పట్టుకుంటేనే రెండు కొసలూ వెలుగుతాయి, అప్పుడు కూడా నిలువుగా ఉన్నప్పటి కంటే ఎక్కువ మైనం కారిపోతుంది, కాలకుండానే వృథా. రష్‌లైట్‌ని అయితే ఇనప పట్టుకారులాంటి దాంట్లో మధ్యలో ఎక్కడైనా బిగించొచ్చు కాబట్టి రెండు కొసలూ అంటించడం కుదురుతుంది, వెలుగు రెట్టింపు, వైట్ గారు చూసిన 57 నిమిషాల రష్ అరగంట కూడా రాదు. స్కూల్లో సైన్స్ ఫెయిర్లలో చేసే ఒక సరదా ప్రయోగం కూడా ఇదే, కొవ్వొత్తికి సరిగ్గా మధ్యలో ఒక సూది అడ్డంగా గుచ్చి, దాన్ని రెండు గ్లాసుల అంచుల మీద ఆనించి, రెండు కొసలూ వెలిగిస్తే అది తూగుటుయ్యాల లాగా పైకీ కిందకీ ఊగుతుంది. ఒక కొస నుంచి బొట్టు పడగానే ఆ వైపు తేలికై పైకి లేస్తుంది, రెండో వైపు కిందకి వంగి ఇంకా ఎక్కువ కరుగుతుంది, మళ్ళీ అది బొట్టు రాల్చి పైకి. చూడ్డానికి చాలా ఉత్సాహంగా ఉంటది. కింద ప్లేటు పెట్టుకోండి, లేకపోతే టేబుల్ పాడవుద్ది.

ఈ మాటకి ఒక మలుపు అమెరికాలో వచ్చింది, మన తమ్ముడి తరఫున ఒక్క వాదన ఏదైనా ఉందంటే అది ఇక్కడే. ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే అనే కవయిత్రి 1918లో ఒక పత్రికలో నాలుగంటే నాలుగు లైన్ల కవిత వేసింది, 1920లో పుస్తకంలోకి ఎక్కింది. నా కొవ్వొత్తి రెండు వైపులా వెలుగుతోంది, ఇది తెల్లారేదాకా ఉండదని నాకూ తెలుసు, అయినా నా శత్రువులారా, నా స్నేహితులారా, వెలుగు చూడండి ఎంత బాగుందో అని దాని భావం. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగుస్తున్న రోజులు, ఆవిడ న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్‌లో ఇరవైల్లో ఉన్న అమ్మాయి, అక్కడి కుర్రకారుకి ఆ నాలుగు లైన్లు నోటికొచ్చేశాయి. మూడు వందల ఏళ్ళ పాటు తిట్టుగా బతికిన మాటని ఆవిడ ఒక్క దెబ్బకి ధీమాగా మార్చింది. అయితే గమనించాల్సింది, ఆవిడ కూడా అది త్వరగా ఆరిపోతుందన్న సంగతిని కాదనలేదు, ఆరిపోతుందని ఒప్పుకునే ధీమా అది. కాబట్టి కవిత్వంలోనో, ముప్ఫై లోపు వయసు మీద రాసుకునే స్టేటస్‌లోనో గర్వంగా వాడితే చెల్లుతుంది. అప్రైజల్‌లో చెల్లదు, "నేను త్వరలో ఆరిపోతాను, హైక్ ఇవ్వండి" అంటే ఏ మేనేజర్ ఇస్తాడు చెప్పండి.

అసలు మన వాడు రాయాల్సింది "బర్నింగ్ ద మిడ్‌నైట్ ఆయిల్". ఈ రెండిట్లోనూ కాల్చడం ఉంది, రాత్రి ఉంది, అందుకే కలిసిపోతాయి. కానీ మిడ్‌నైట్ ఆయిల్ అంటే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చదవడం, పనిచేయడం, అంతవరకే. పరీక్షల ముందు ఇంటర్ పిల్లలు చేసేది. ఇందులో తప్పు పట్టడం లేదు, కాస్త మెచ్చుకోలే ఉంది. ఇంగ్లిష్ కవి ఫ్రాన్సిస్ క్వార్ల్స్ 1635లోనే మిడ్‌నైట్ ఆయిల్ అనే మాట వాడాడు. ఆలోచన ఇంకా పాతది, గ్రీకు వక్త డెమోస్తనీస్ ప్రసంగాలు దీపం వాసన కొడుతున్నాయని ఒకాయన ఎగతాళి చేశాడని ప్లూటార్క్ రాశాడు, అంటే రాత్రంతా దీపం ముందు కూర్చుని బట్టీ కొట్టి వచ్చావని. చూశారా, ఇక్కడ నూనె ఉంది. నూనె దీపం అనేసరికి మళ్ళీ పోసుకోవచ్చన్న ధైర్యం, కొవ్వొత్తి అనేసరికి అయిపోతుందన్న భయం, రెండు ఇడియమ్స్‌కీ ఇదే తేడా అని నేను గుర్తు పెట్టుకుంటా. నిఘంటువులో అలా రాసి లేదు, నాకు పనికొచ్చిన కొండగుర్తు అంతే.

ఇంకో గందరగోళం బర్నవుట్‌తో. ఇప్పుడు ప్రతివాడికీ బర్నవుటే, సోమవారం ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాకపోయినా బర్నవుటే. ఈ మాటని ఉద్యోగపు అలసటకి శాస్త్రీయంగా వాడి ప్రచారంలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్ అనే న్యూయార్క్ సైకాలజిస్టు, 1974లో. ఆయన పనిచేసింది జీతం గట్రా లేకుండా వలంటీర్లు నడిపే ఒక ఫ్రీ క్లినిక్‌లో, అక్కడ మొదట్లో ప్రాణం పెట్టి పనిచేసిన వాళ్ళే కొన్నాళ్ళకి చిరాగ్గా, మొద్దుబారినట్టుగా అయిపోవడం చూసి రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా కొత్త ఎడిషన్‌లో దీన్ని ప్రస్తావించింది గానీ జబ్బు అనలేదు, పనికి సంబంధించిన ఒక పరిస్థితి అంది. మూడు గుర్తులు చెప్పింది, ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం లేదా ఏవగింపు, చేసే పనిలో పస తగ్గిపోవడం. ఆఫీసు పనికి తప్ప ఇంటి కష్టాలకి ఈ మాట వాడకూడదని కూడా స్పష్టంగా రాసింది. వరసలో పెడితే ఇలా, మిడ్‌నైట్ ఆయిల్ ఒకటి రెండు రాత్రుల సంగతి, రెండు కొసల కొవ్వొత్తి నెలల తరబడి అలవాటు, బర్నవుట్ దాని తర్వాత మిగిలేది. కొవ్వొత్తి దశలో ఉన్న మనిషి ఇంకా వెలుగుతూనే ఉంటాడు, చూసేవాళ్ళకి మామూలు కంటే ఎక్కువ వెలుగుతున్నట్టే కనపడతాడు, అందుకే పక్కనోళ్ళు పట్టించుకోరు.

మిగతావి గబగబా చెప్పేస్తా. "రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్" అంటే ట్యాంకులో పెట్రోల్ అయిపోయి ఆవిరి మీద బండి నడుస్తోంది అని, ఇది ఆ క్షణం పరిస్థితి, ఎవరి తప్పు అన్నది చెప్పదు, కొలీగ్‌తో హాయిగా అనొచ్చు. "నాకర్డ్" బ్రిటన్ వాళ్ళ మాట, నాకర్ అంటే ముసలి గుర్రాల్ని కొని చంపి తోలూ ఎముకా అమ్ముకునేవాడు, అక్కడికి తోలడానికి సిద్ధమైన గుర్రంలా ఉన్నా అని, ఫ్రెండ్స్ మధ్య ఓకే గానీ కొంచెం మోటు, క్లయింట్ మీటింగ్‌లో వద్దు. "ఎట్ ద ఎండ్ ఆఫ్ మై టెదర్", అమెరికాలో అయితే "రోప్", కట్టేసిన పశువు మేస్తూ మేస్తూ తాడు చివరికొచ్చేసింది, ఇక ముందుకి పోలేదు అని. ఇది ఒంటి అలసట కంటే సహనం అయిపోవడం. తెలుగులో ఈ తేడా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మనం రెండిటికీ "ఓపిక" అనే ఒక్క మాటతో పని కానిచ్చేస్తాం. "మెట్లెక్కే ఓపిక లేదు" అన్నా ఓపికే, "వాడి సోది వినే ఓపిక లేదు" అన్నా ఓపికే. సత్తువా సహనమూ ఒకే కుండలో నీళ్ళు అనుకున్నారేమో మన వాళ్ళు, నాకైతే అదే నిజం అనిపిస్తది.

మరి రెండు కొసల కొవ్వొత్తిని తెలుగులో ఏమనాలి? చాలామంది "తల ప్రాణం తోకకొచ్చింది" అని చెప్తారు. అది సరిపోదు, అది పని పూర్తయ్యేసరికి పడ్డ యాతన, పైగా ఒక్క పనికి సంబంధించింది, పెళ్ళి పనులో రిజిస్ట్రేషన్ పనో. "గానుగెద్దు" దగ్గరగా వస్తుంది గానీ గానుగెద్దుని కట్టింది ఇంకొకడు. "గొడ్డు చాకిరీ" కూడా అంతే, చేయించేవాడు వేరే ఉన్నాడు. "రెక్కలు ముక్కలు చేసుకోవడం" పూర్తిగా పొగడ్త, అందులో జాలి ఉంది, మందలింపు లేదు. దగ్గరగా ఉన్నది ఏదంటే అమ్మ అనే మామూలు వాక్యమే, "రాత్రి రెండింటి దాకా ఫోను, పొద్దున ఐదింటికి లేవడం, ఒంటికి చెడుపు చేసుకుంటున్నావురా". ఇడియమ్ లేదు ఇందులో, కానీ "చేసుకుంటున్నావు" అనే క్రియ ఉంది చూశారా, అదే కీలకం. ఎవరూ చెయ్యలేదు, నువ్వే చేసుకుంటున్నావు.

ఇంగ్లిష్ ఇడియమ్‌లో కూడా సరిగ్గా అదే ఉంది, నాకు దాంతో పేచీ కూడా అక్కడే. ఐ యామ్ బర్నింగ్, యు ఆర్ బర్నింగ్, షి ఈజ్ బర్నింగ్, రోజువారీ వాడకంలో మనిషే కర్త, కొవ్వొత్తి కర్మ. అగ్గిపుల్ల ఎప్పుడూ ఆ మనిషి చేతిలోనే ఉంటది. మన తమ్ముడి సంగతే తీసుకోండి. వాడి రిలీజ్ జనవరి, ఫిబ్రవరిల్లో. టెస్టింగ్ టీం సిడ్నీలో, వాళ్ళకి పొద్దున పదిన్నర మీటింగ్ అంటే ఆ నెలల్లో మనకి తెల్లవారుజామున 5. లండన్ వాళ్ళకి సాయంత్రం నాలుగు మీటింగ్ అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, అది గంట సాగితే పదిన్నర, ఆ తర్వాత నోట్స్ పంపాలి, తిని పడుకునేసరికి పన్నెండు. రెండు కొసలూ అంటే అక్షరాలా రెండు కొసలే, ఒకటి సిడ్నీ వాళ్ళు అంటించారు, ఒకటి లండన్ వాళ్ళు అంటించారు. అమెరికా క్లయింట్లతో చేసేవాళ్ళకి ఇది రోజూ ఉండేదే, కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిది అంటే హైదరాబాదులో వాళ్ళ ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర, పొద్దున ఏడుంపావుకి పిల్లల స్కూల్ వ్యాన్ మాత్రం ఏ కాలంలోనైనా ఏడుంపావుకే. ఇలాంటి వాళ్ళని "నువ్వు కొవ్వొత్తిని రెండు వైపులా కాలుస్తున్నావ్, జాగ్రత్త" అనడం ఇంగ్లిష్‌లో వ్యాకరణం ప్రకారం కరెక్టే, న్యాయం ప్రకారం కాదు. పాపం ఆ లండన్ ఆయన మంచోడే, నిజంగానే కంగారుపడ్డాడు, కానీ తొమ్మిదిన్నర కాల్ క్యాలెండర్‌లో పెట్టింది ఆయనే అన్న సంగతి ఆ ఇడియమ్ ఆయనకి గుర్తు చెయ్యదు. పైగా మన వాడే స్వయంగా "ఐ బర్న్‌డ్" అని రాసిచ్చాడు కాబట్టి ఒప్పుకోలు పత్రం కూడా రెడీగా ఉంది.

వాడే పద్ధతి ఒకటి రెండు చెప్పి ముగిస్తా. ఎక్కువగా ఇది జరుగుతున్న పనిగా, ఐఎన్‌జీ రూపంలో వస్తుంది, "షి ఈజ్ బర్నింగ్", "యు కాంట్ కీప్ బర్నింగ్", "హి హ్యాజ్ బీన్ బర్నింగ్", ఎందుకంటే అలవాటు గురించి కదా. ఒక్క రాత్రి మేలుకున్నదానికి వాడరు. "బోత్ సైడ్స్" అనకండి, "ఎండ్స్" అనాలి, కొవ్వొత్తికి కొసలుంటాయి. "ఎట్" బదులు "ఫ్రమ్" అనేవాళ్ళూ ఉన్నారు, దాంతో గొడవేం లేదు. ఫ్రెండ్ కొత్తగా పెళ్ళయి, ఉద్యోగం, ఎంబీఏ, ఇంటి లోన్, అన్నీ నెత్తినేసుకుని తిరుగుతుంటే ప్రేమగా అనొచ్చు. మీ టీంలో వాళ్ళతో, ముఖ్యంగా వాళ్ళ మీటింగ్ టైములు నిర్ణయించేది మీరే అయినప్పుడు, అనకపోవడమే మర్యాద.

తమ్ముడికి నేను చెప్పింది ఆ లైన్ తీసేసి వేరే ఇడియమ్ ఏదీ పెట్టకుండా సాదాగా రాయమని: ఆరు వారాలు, రోజూ పొద్దున 5కి సిడ్నీ కాల్, రాత్రి తొమ్మిదిన్నరకి లండన్ కాల్, రెండూ నేనే చూసుకున్నాను. వాడికి అంత నచ్చలేదు, "మరీ చప్పగా ఉందన్నా, ఇంగ్లిష్ కొంచెం గట్టిగా ఉండాలి కదా" అన్నాడు, అయినా అదే పంపాడు. మర్నాటి నుంచి లండన్ కాల్ వారానికి రెండు రోజులే అయింది. సిడ్నీది అలాగే ఉంది. హైక్ లెటర్లు ఈ నెలాఖరుకంట.